తొండి మానేసిన దర్జీ

ఆట కొనడానికి వచ్చిన మనిషి ఆడబోయేవాళ్ళ గురించి తప్ప లోకంలోని సంగతులన్నీ చెబుతాడు. ఇది ఆటలక్క ఆ కొట్టులో చేరాక తెలుసుకున్న మొదటి సత్యం. ఆమెకు ఒళ్ళు మండించే మొదటి సంగతి కూడా అదే.

కొట్టు కింద భాగమంతా పుస్తకాలు, పెన్నులు, బడిసంచులు. ఆటలు మేడ మీద. ఇనుప మెట్లెక్కి పైకి వస్తే సొరంగంలాంటి పొడవాటి గది, గోడల నిండా చెక్క అరలు, అరల నిండా రంగురంగుల పెట్టెలు, కిటికీ పక్కన ఒక బల్ల, దాని వెనక ఆమె. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంటుంది. మనుషుల్ని అద్దాలలోంచి కాకుండా వాటి పైనుంచి చూస్తుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కింద క్యాషియరు దగ్గర్నుంచి పైకొచ్చే పిల్లల దాకా అందరికీ ఆటలక్కే.

ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెవిలో ఫోను.

"మావాడికి బుర్ర పెరిగే ఆట ఏదన్నా ఇవ్వండి."

"మీవాడు ఎలాంటివాడండీ?"

"చాలా తెలివైనవాడు."

"అది కాదు. ఓడిపోతే ఏం చేస్తాడు?"

"మావాడు ఓడిపోడు."

"ఎవరితో ఆడతాడు?"

"నాతోనే."

"అయితే మీరు ఓడిపోతే ఏం చేస్తారు?"

ఆయన ఫోను చెవిలోంచి తీశాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. "చదరంగం ఇవ్వండి, చాలు" అన్నాడు. ఇచ్చింది. తర్వాతి వారం ఆయనే మళ్ళీ వచ్చి, ఏనుగు ఒకటి విరిగింది, విడిగా దొరుకుతుందా అని అడిగాడు. ఎలా విరిగిందని ఆమె అడగలేదు. గోడకేసి కొడితే తప్ప విరగని రకం ఏనుగది.

ఆమె సిద్ధాంతం చాలా చిన్నది. గెలిచేవాడికి ఏ ఆటైనా మంచిదే. ఆట ఎంచవలసింది ఓడిపోయేవాడి కోసం. ఓడిపోయి మూడు రోజులు మూతి ముడుచుకునేవాళ్ళు ఉన్న ఇంటికి పాచికల ఆట ఇవ్వాలి. మనిషికి తన ఓటమిని మోయడానికి ఒక గాడిద కావాలి, పాచిక ఆ గాడిద. ఒక్కో ఎత్తుకీ తలపట్టుకుని కూర్చుని ఎదుటివాళ్ళకి నిద్ర తెప్పించేవాడుంటే ఇసుక గడియారం ఉన్న పెట్టె ఇవ్వాలి. ఆట కోసం కాక కబుర్ల కోసం కూర్చునేవాళ్ళకి చేతులు ఊరికే ఉండకుండా చూసే తేలికైన పేకాట చాలు. అందరూ ఒకే జట్టుగా ఆడే ఆటలు ఈ మధ్య వచ్చాయి, మంచివే. కానీ పక్కవాళ్ళ ముక్కలు కూడా తానే ఆడే పెద్దమనిషి ఉన్న కొంపకి అది ఇచ్చామా, ఒక్కడు ఆడతాడు, మిగతావాళ్ళు వెట్టిచాకిరీ చేస్తారు.

ఇది తెలుసుకోవాలంటే అడగాలి. అడిగితే జనానికి కోపం. మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరంటారు. ప్రతి ఇంట్లోనూ ఉంటారు, లేరని చెప్పినవాడే సాధారణంగా ఆ మనిషి. పెట్టె మీద బొమ్మలో నవ్వే కుటుంబం ఒకటి ఉంటుంది, తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, నలుగురికీ ఒకే రకం పళ్ళు. కొనేవాళ్ళంతా ఆ కుటుంబం కోసం కొనుక్కుపోతారు. ఇంటికెళ్ళాక ఉన్న కుటుంబంతో ఆడాల్సి వస్తుంది.

కొట్టు కుర్ర యజమానికి ఇవేవీ పట్టవు. తండ్రి నుంచి కొట్టు చేతికొచ్చాక వ్యాపారం ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకాలు నాలుగు చదివి, అరలన్నిటికీ చీటీలు అంటించాడు. ఎంతమంది ఆడొచ్చు, ఏ వయసువాళ్ళు ఆడొచ్చు.

"అక్కా, వచ్చినవాళ్ళని ఇంట్లో గొడవల గురించి అడుగుతున్నావంట."

"అడక్కుండా ఇస్తే ఆ గొడవ మనం పెట్టినట్టే బాబూ."

"పెట్టె మీదే రాసుంది కదా, ఎనిమిది నుంచి ఎనభై దాకా ఎవరైనా అని."

"రాసినవాడికి ఎనిమిదేళ్ళవాడు ఒక్కడైనా తెలుసో లేదో. పెద్దవాళ్ళ సంగతి సరేసరి."

"నువ్వు అమ్మితే చాలక్కా. వాళ్ళని బాగుచెయ్యక్కర్లేదు."

ఆమె అరలు సర్దడంలో పడింది. చెవిటివాడి ముందు శంఖం ఊది గొంతు నొప్పి తెచ్చుకోవడం ఎందుకు. అయినా ఆ రోజుల్లో ఆమె కోపమంతా ఇంటి మీద ఉండేది. లోకంలోని ఇళ్ళన్నిటికీ ఆట ఎంచిపెట్టే మనిషికి తన ఇంట్లో ఉన్న ఒక్క మగవాడికి ఏ ఆట ఇవ్వాలో అంతుపట్టడం లేదు.

ఆమె భర్త సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బస్సు ఆపి ఎక్కి, ఎవరినీ ఏమీ అడక్కుండా ముందు ముఖాలు చూసేవాడట. నిద్ర నటించేవాడి కనురెప్ప అదురుతుందట. కిటికీలోంచి అంత శ్రద్ధగా బయటికి చూసేవాడి మెడ బిగుసుకుని ఉంటుందట. తిన్నగా వాడి దగ్గరికే వెళ్ళి చెయ్యి చాపేవాడు. ఆ చూపు ఇంట్లోనూ వదిలేవాడు కాదు. కొత్త చీర పాతదని ఆమె ఒక్కసారి కూడా నమ్మించలేకపోయింది.

ఒక పొద్దున ఆయన మంచం దిగబోతే కుడిచెయ్యి వేరేవాళ్ళదిలా పక్కన పడి ఉంది. ఆస్పత్రి, మందులు, కొన్ని వారాలు. ప్రాణానికి ముప్పు తప్పింది. కుడిచెయ్యి బరువెక్కింది, కుడివైపు చూపు మందగించింది, మాట మాత్రం పోలేదు గానీ ఒక్కో మాట కోసం నోటితో బేరమాడాల్సి వచ్చేది. ఇంటికొచ్చి చేతులూ కాళ్ళూ ఆడించే మేడమ్ ఆమెను గుమ్మం బయటికి పిలిచి చెప్పింది.

"ఆంటీ, నేను వారానికి రెండుసార్లు వస్తాను. దానివల్ల ఒరిగేది కొంచెమే. ఆయనంతట ఆయన లేచి కూర్చోవాలి, మాట్లాడాలి, విసుక్కోవాలి, ఏదో ఒకటి చెయ్యాలి. గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటైందంటే ఇక లేపలేం. అలా మంచానికి అంటుకుపోయినవాళ్ళని చాలామందిని చూశాను."

ఆమె ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. పగలంతా ఆయన ఒక్కడే. ఆయన్ని లేపి కూర్చోబెట్టగలవాడు లోకంలో ఒకే ఒకడు, ఎదురింటి దర్జీ.

ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. ఆటలక్క పెళ్ళై ఆ వీధిలోకి వచ్చిన ఏడే మొదలైంది వాళ్ళ రమ్మీ. రోజూ సాయంత్రం ముందు గదిలో నేలమీద దుప్పటి పరిచి కూర్చునేవాళ్ళు. పందెం ఏమీ ఉండేది కాదు, అరుపులు మాత్రం వీధి చివరికి వినిపించేవి. ఎందుకంటే దర్జీ తొండి చేసేవాడు. జోకరుని తొడ కింద పెట్టుకునేవాడు. కట్టలోంచి ఒక ముక్క తీస్తున్నట్టు రెండు తీసేవాడు. పడేసిన ముక్కని టీ గ్లాసు అందుకునే మిషతో వెనక్కి లాక్కునేవాడు. దర్జీ వేళ్ళు కదా, గుడ్డ మడతలో గుడ్డ మాయమైనట్టు మాయమయ్యేవి ముక్కలు. ఈయన పట్టుకునేవాడు. ఆయన ఒట్టేసేవాడు. ఈయన చొక్కా విప్పమనేవాడు. చివరికి దర్జీ ముక్కలు విసిరికొట్టి "ఛీ, ఈ గడప మళ్ళీ తొక్కితే అడుగు" అని వెళ్ళిపోయేవాడు. మర్నాడు సాయంత్రం అదే దుప్పటి మీద కూర్చుని ఉండేవాడు. ఏళ్ళ తరబడి ఈ గోల భరించి భరించి, ఇదేం ఆట, వీళ్ళేం మనుషులు అని ఆమె నెత్తి కొట్టుకోని రోజు లేదు.

జబ్బు చేశాక దర్జీ ఒక్క రోజు కూడా మానలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే కత్తెర పక్కన పెట్టి వచ్చి కూర్చునేవాడు. ఇక ఆట ఎంచడం ఆటలక్క వంతు. అక్కడే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

క్యారమ్స్‌కి చెయ్యి సహకరించలేదు. లూడో తెస్తే ఆయన పెట్టె మీది బాతు బొమ్మను చూసి మొహం తిప్పేసుకున్నాడు. చదరంగం దర్జీకి రాదు, ప్రతిసారీ గుర్రాన్ని తిన్నగా నడిపించేవాడు. అక్షరాల బిళ్ళలతో మాటలు కట్టే ఆట తీసుకెళ్ళడం ఆమె బుద్ధి గడ్డి తిని చేసిన పని. నోటికి రాని మాట వేలికి ఎక్కడ్నుంచి వస్తుంది? ఆయన ఒకే బిళ్ళని పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఆ తర్వాత మెల్లిగా దాన్ని నీళ్ళగ్లాసులో వేశాడు. చివరికి వడ్రంగి చేత చెక్కలో గాడి తీయించి, ముక్కలు నిలబెట్టుకునే పలక ఒకటి చేయించింది. ఒంటిచేత్తో రమ్మీ ఆడొచ్చు. మంచం పక్కన బల్ల వేసి, పలక పెట్టి, అన్నీ అమర్చి కొట్టుకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి అడిగితే, దర్జీ చెప్పాడు, "బావే గెలిచాడు చెల్లెమ్మా."

మర్నాడూ బావే గెలిచాడు. ఆ మర్నాడూ ఆయనే. గెలిచేకొద్దీ ఆయన మొహం మాడిపోతోంది. పది రోజులు తిరక్కుండానే దర్జీ వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. లేపితే లేచేవాడు, రెండాటలు ఆడేవాడు, మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. ఒకరోజు ఆమె ఇంకా చెప్పులు విప్పకముందే అన్నాడు.

"రేపట్నుంచి... బావని... రావద్దను."

ఆమె చేతిలో సంచి అక్కడే వదిలేసింది. ఆ రోజు పైనా కిందా మెట్లు ఎక్కీ దిగీ ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే ఆట కోసం కొట్టులో జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. వాళ్ళమ్మ తప్పంతా ఈమెదే అంది.

"ఎందుకు రావద్దనాలి? ఆ మనిషి పనులు మానుకుని వచ్చి కూర్చుంటున్నాడు. ఇంకెవరొస్తారు మనింటికి? మీకు గెలిచినా ఏడుపే, ఓడినా ఏడుపే. నాకు ఓపిక లేదు, చెప్పేస్తున్నా."

ఆయన గోడనే చూస్తూ మాట కూడదీసుకున్నాడు.

"వాడు... తొండి... మానేశాడు."

"మానేస్తే మంచిదేగా. ఇన్నేళ్ళూ మీరు మొత్తుకున్నది దానికేగా."

"నన్ను..." అన్నాడు. ఆగాడు. మళ్ళీ తెచ్చుకున్నాడు. "నన్ను... పోయినవాళ్ళలో... కలిపేశాడు."

ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. ఆ క్షణంలో ఆమెకు వచ్చింది జాలి కాదు, తన మీద తనకే మంట. ఓడిపోయేవాడి కోసం ఆట ఎంచాలని ఊరందరికీ చెప్పే మనిషికి, తన కళ్ళెదుట ఇన్నేళ్ళు జరిగిన ఆట ఏదో తెలియలేదు. వాళ్ళిద్దరూ ఏనాడూ రమ్మీ ఆడలేదు. ఒకడు దాచే ఆట ఆడాడు, ఇంకొకడు పట్టే ఆట ఆడాడు. గెలుపూ ఓటమీ వాళ్ళకి ఒక లెక్కే కాదు.

మర్నాడు కొట్టుకి వెళ్ళేముందు దర్జీ దగ్గరికి వెళ్ళింది. మెడలో టేపు, నోట్లో నాలుగు గుండుసూదులు, మిషను మీద ఎవరిదో చొక్కా కాలరు.

"అన్నయ్యా, మీరు ఆయనతో ఇదివరకటిలా ఆడండి."

"అలాగే ఆడుతున్నాగా చెల్లెమ్మా."

"అలాగే అంటే... ఇదివరకు కొంచెం చెయ్యి జారేది కదా."

దర్జీ సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తలో గుచ్చాడు.

"చెయ్యి జారడమేంటి? నేను ఏనాడైనా తొండి చేశానా?"

"చేశారని కాదు."

"ఇన్నేళ్ళు నన్ను దొంగ అన్నాడు మీ ఆయన. నేను పడ్డాను. ఇవాళ నువ్వూ అంటున్నావు. జబ్బు మనిషి దగ్గర తొండి చేసేటంత నీచుణ్ణా నేను?"

"అంటే జబ్బు లేనప్పుడు చేశారా?"

"నేనలా అన్నానా?"

గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకుంటున్నాడు. ఇలాంటి మనిషిని తొండి చెయ్యమని ఎలా అడగడం? చేశాననే ఒప్పుకోనివాడు చేస్తానని ఎలా ఒప్పుకుంటాడు? ఆమె కొట్టుకి వెళ్ళి ఆ పూటంతా ఎదురొచ్చిన ప్రతి మనిషినీ కసురుకుంది. ఒకామెకు అడగని ఆట చేతిలో పెట్టి పంపించింది. విచిత్రంగా ఆ ఆట బాగుందని తర్వాత ఆమె ఫోన్ చేసి చెప్పిందట. లోకం తీరే అంత.

మధ్యాహ్నం అరలు సర్దుతూ ఉంటే ఒక పెట్టె కనబడింది. అబద్ధాల ఆట. ముక్కని బోర్లించి, ఇది రాజు అని చెప్పాలి, అది రాజు కానక్కర్లేదు. ఎదుటివాడు అబద్ధమని పట్టుకోవాలి. దాచడం, పట్టడం, రెండూ రూల్లోనే ఉన్నాయి. ఇక్కడ దర్జీ పరువుకి భంగం లేదు, ఈయన కళ్ళకి పని ఉంది. కనుక్కున్నాను అనుకుంది. తన తెలివికి తనే మురిసిపోయి, సెలవు రోజున ఇద్దరినీ కూర్చోబెట్టి రూల్స్ చదివి వినిపించింది.

దర్జీ ముక్క బోర్లించి, బళ్ళో పాఠం అప్పజెప్పే కుర్రాడిలా, "ఇది రాణి" అన్నాడు.

"కాదు" అన్నాడు ఈయన. కాదు. ఆటీను నాలుగు.

"ఇది ఆసు."

"కాదు."

కాదు. కాసేపటికి దర్జీ ఆవలించాడు. ఈయన ఆవలింత దాచుకోలేదు కూడా.

"ఏం బావా, ఇంకో ఆట వేద్దామా?"

"ఇది... పర్మిషన్... ఉన్న... దొంగతనం" అన్నాడు ఈయన, నాలుగు మాటలకి నాలుగుసార్లు ఊపిరి తీసుకుని.

"అదే నేనూ అనుకుంటున్నా. అబద్ధమాడమని కాగితం మీద రాసిచ్చాక ఏం రుచి ఉంటుంది బావా?"

ఆ ఒక్క మాట మీద ఇద్దరికీ ఏకాభిప్రాయం. తర్వాత దర్జీ ఇంటికి, ఈయన గోడవైపుకి. ఆమె ఆ పెట్టెని మడిచి, నలిపి, అటక మీదికి విసిరేసింది.

వారం గడిచింది. ఆయన తిండి కూడా పడుకునే తినడం మొదలుపెట్టాడు. చేతులాడించే మేడమ్ వచ్చి, చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ ఏదైనా అని ఉంటే ఆటలక్కకి కొంచెం ధైర్యంగా ఉండేది.

మరుసటి పొద్దున ఆమె ఒక జాకెట్టు పట్టుకుని దర్జీ దగ్గరికి వెళ్ళింది. హుక్కు ఊడింది, కుట్టమంది. ఆయన కుడుతుంటే స్టూలు మీద కూర్చుని, ఎటో చూస్తూ అంది.

"ఆయన మీ గురించి తెగ బాధపడుతున్నారు అన్నయ్యా."

"నా గురించా? నాకేమైంది?"

"పాపం బావకి వయసు మీదపడింది, వేళ్ళు మొద్దుబారాయి అంటున్నారు."

దర్జీ సూది ఆగింది. "ఎవరి వేళ్ళు?"

"మీవే. ఇదివరకు ముక్క తీస్తే గాలికి కూడా తెలిసేది కాదు, ఇప్పుడు ఆ చెయ్యి లేదు, అందుకే బుద్ధిమంతుడైపోయాడు, నేనూ పోయాను వాడూ పోయాడు అని."

ఆయన అలా అనలేదు. అన్ని మాటలు వరసగా అనే ఓపిక ఆయనకు లేదని దర్జీకి తట్టాలి. తట్టలేదు. పౌరుషం మనిషి లెక్కల్ని ముందు మింగేస్తుంది.

"అలా అన్నాడా?"

"పోనీలెండి. మీరు ఎటూ తొండి చెయ్యని మనిషి. వేళ్ళు ఎలా ఉంటే ఏంటి?"

దర్జీ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, సూదిలోంచి దారం లాగేసి, ఆమె చూస్తుండగా ఉత్త కళ్ళతో మళ్ళీ ఎక్కించాడు. ఒక్కసారికే ఎక్కింది. ఆమె జాకెట్టు తీసుకుని వచ్చేసింది.

ఆ రోజు కొట్టుకి సెలవు పెట్టింది. కుర్ర యజమాని ఫోనులో సణిగాడు, వినిపించనట్టు పెట్టేసింది. మధ్యాహ్నం దర్జీ వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చాడు. ఆ ఎండలో ఎవరైనా పొట్టి చేతులది వేసుకుంటారు. ఆమె బలవంతాన భర్తని లేపి కూర్చోబెట్టింది. బల్ల, పలక, పేక కట్ట. తను గది మూలన ఉతికిన బట్టలు మడత పెడుతూ కూర్చుంది.

దర్జీ పంచాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత టీ గ్లాసు కోసం చెయ్యి చాపినప్పుడు ఒక ముక్క ఆయన ఒళ్ళోకి జారింది. ఆమె చూసింది. వెంటనే భర్త వైపు చూసింది. ఆయన పలక మీద ముక్కలు సర్దుకుంటున్నాడు.

ఇంకాసేపటికి కట్టలోంచి రెండు ముక్కలు ఒకటిగా లేచాయి. ఆయనకి కుడిపక్క జరిగిందది. ఆయన చూడలేదు. ఆమె మడిచిన చీరనే విప్పి మళ్ళీ మడిచింది. మూడోసారి పడేసిన ముక్క వెనక్కి వెళ్ళింది. ఆయన చూడలేదు. దర్జీ ముక్కలన్నీ పరిచి ఆట గెలిచాడు.

గెలిచినవాడి మొహం అలా ఉండకూడదు. దర్జీ ముక్కలు పోగుచేస్తూ తలెత్తి ఆమెను చూశాడు. ఇదేనా నువ్వు అడిగింది అన్నట్టుంది ఆ చూపు. ఇప్పటిదాకా పట్టుకునే అవకాశం లేక పట్టుకోలేదని ఇద్దరూ అనుకున్నారు. ఇప్పుడు అవకాశం ఇచ్చి చూశారు. ఇలా చెయ్యకుండా ఉంటే బాగుండేది, గోడవైపు తిరిగిన మనిషి మీద కనీసం కాస్త ఆశైనా మిగిలి ఉండేది.

"ఇంక చాల్లే బావా, పడుకుంటావా?" అన్నాడు దర్జీ.

"పంచు."

దర్జీ పంచాడు. ఈసారి నెమ్మదిగా ఆడాడు, మనసు పెట్టి కాదు. నాలుగైదు ముక్కలు తిరిగాయి. దర్జీ మోచెయ్యి బల్ల అంచున ఆనించి ముక్క దించబోయాడు. ఈయన ఎడమచెయ్యి పలక మీంచి లేచి వచ్చి దర్జీ మణికట్టు మీద పడింది.

"ఎ... ఎత్తు."

"ఏంటి బావా ఎత్తేది?"

ఈయన నోరు తెరిచాడు. మాట రాలేదు. దర్జీ కదల్లేదు. చెయ్యి లాక్కోవచ్చు, ముక్కని కిందికి జార్చేసుకోవచ్చు, దానికి కావలసినంత వ్యవధి ఉంది. అలాగే ఉండిపోయాడు, కళ్ళు మాత్రం ఎర్రచేసి. మూలన ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉంది.

"మో... మోచెయ్యి."

"మోచేతి కింద ఏముంటుంది? ఎముకుంటుంది. మీ ఆవిడ ముందు నన్ను దొంగని చేస్తావా?"

"ఎత్తరా... దొంగ... వెధవా."

మూడు మాటలూ దాదాపు ఒకే ఊపిరిలో వచ్చాయి. దర్జీ మోచెయ్యి ఎత్తాడు. జోకరు టపీమని బల్ల మీద పడి, అక్కడ్నుంచి నేల మీదికి జారింది.

"గాలికి వచ్చి ఉంటుంది" అన్నాడు దర్జీ.

"ఫ్యాను... లేదు."

"కిటికీ ఉందిగా."

"ముందాట... కూడా... రద్దు."

"అదెలా రద్దు? పట్టుకున్నప్పుడు పట్టుకున్నదే లెక్క. అది పెట్టుకున్నది నువ్వే. నీ రూలు నీకే గుర్తులేకపోతే నేనేం చెయ్యను?"

"రద్దు."

"కాదు."

"చొక్కా... విప్పు."

"నా చొక్కా విప్పించడానికి నువ్వెవడివయ్యా? ఛీ, ఈ గడప మళ్ళీ తొక్కితే అడుగు." దర్జీ ముక్కలు విసిరికొట్టి, చెప్పులు కాళ్ళకి దొరికీ దొరక్కుండానే విసవిసా రోడ్డు దాటాడు. కాసేపట్లోనే ఎదురుగా మిషను చప్పుడు మొదలైంది, ఎప్పటికన్నా వేగంగా.

ఆమె ముక్కలు ఏరుతోంది. మంచం కింద ఒకటి, తలుపు దగ్గర రెండు. వంగినచోటి నుంచి లేవబుద్ధి కాలేదు.

"ఎన్ని?" అన్నాడు ఆయన.

"ఏం ఎన్ని?"

"వాడు... ఎన్ని... చేశాడు? నువ్వు... చూశావు."

"ఒక్కటే. మీరు పట్టుకున్నదే."

ఆయన ఆమె మొహం వైపు చూశాడు. బస్సు ఎక్కిన మనిషి చూపు. చాలా రోజులకి.

"ఎన్ని?"

"నాలుగు" అంది, ఇక దాచలేక. "మొదటాటలో మూడు. మీకు కుడిపక్క ఒకటి, ఒళ్ళోకి ఒకటి, పడేసిన ముక్క ఒకటి."

నాలుగింటిలో మూడు ఆయన కంట పడలేదు. ఆమె దిండు సరిచెయ్యడానికి చెయ్యి చాపింది, ఇక గోడవైపు తిరుగుతాడని. ఆయన ఆ చేతిని పక్కకి నెట్టి, ఎడమచేత్తో పేక కట్టని ఆమె వైపు తోశాడు.

"కూర్చో."

"నాకు పొయ్యి మీద పాలున్నాయి."

"కూర్చో. కుడిపక్క... దాచు."

"నాకు దాచడం ఎక్కడొచ్చు? జన్మలో చెయ్యలేదు."

"దాచు."

ఆమె బల్లకి ఎదురుగా కూర్చుంది. రోజంతా ఆటల మధ్య ఉండి, ఇంటికొచ్చి పేక ముట్టుకోవడం కన్నా పెద్ద శిక్ష ఆమెకి ఇంకోటి లేదు. ఒక ముక్క తీసి, సిగ్గుపడుతూ, చీర కుచ్చిళ్ళలో దోపుకుంది.

"కనబడింది" అన్నాడు. "మళ్ళీ."

ఇంకోటి తీసి తొడ కింద పెట్టుకుంది.

"కనబడింది. ఏం... మనిషివి? మళ్ళీ."

లోపల పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు. లేవబోయింది. ఆయన బల్ల మీద ఎడమచేత్తో కొట్టాడు, వెన్ను నిటారుగా పెట్టుకుని, కుడిపక్కకి మెడ తిప్పుకుంటూ.

"మళ్ళీ."